విలన్ అంటే ఊళ్ళోవాడు

పోయిన నెల నాన్న ఫోన్ చేశాడు. ఊళ్ళో రీ-సర్వే అయ్యాక చేతికొచ్చిన కాగితంలో మా ఎకరం డెబ్బై సెంట్ల చేను ఎకరం అరవై రెండు సెంట్లయింది. ఎనిమిది సెంట్లు ఎటు పోయాయో చెప్పే నాథుడు లేడు. అర్జీ పెట్టమంటే నవ్వేశాడు. "ఎవడు ఏలితే మనకేంట్రా? ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి" అన్నాడు.

ఆ మాట వింటున్నప్పుడు నేను ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో ఒక సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో కారులో కూర్చుని ఉన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా ఆ సామెత వదల్లేదు. ఎందుకంటే సరిగ్గా అదే మాట, ఇంగ్లీషులో, రెండేళ్ళ కిందట మా అమ్మాయి హోంవర్క్‌లో రాసింది. ఇక్కడ ఏడో తరగతి పిల్లలకి చరిత్ర అంటే 1066. నార్మండీ డ్యూక్ విలియం సముద్రం దాటి వచ్చి, హేస్టింగ్స్ దగ్గర హెరాల్డ్ రాజుని ఓడించి ఇంగ్లండ్ గద్దెనెక్కిన సంవత్సరం. "దీనివల్ల మామూలు రైతుకి ఏం మారింది?" అన్నది ప్రశ్న. మా అమ్మాయి రాసిన జవాబు సారాంశం: పెద్దగా ఏం మారలేదు, రాజు మారాడు, రైతు దున్నుకుంటూనే ఉన్నాడు. టీచర్ టిక్కు పెట్టింది. నేనూ తలూపాను.

ఆ తర్వాత, రాజవంశం మారితే ఊరివాడికి నిజంగా ఏం మారుతుందని ఊరికే కుతూహలం కొద్దీ మొదలుపెట్టిన చదువు ఇంతదూరం వచ్చింది. ఇప్పుడు ఆ జవాబు తప్పనే అనుకుంటున్నాను. సామెత కూడా తప్పే. ఏ రాయి అన్నది ముఖ్యమే. కాకపోతే ఆ రాయి పైనుంచి తిన్నగా వచ్చి మొహం మీద పడదు. ఇరవై ఏళ్ళు దొర్లుతుంది, చేతులు మారుతుంది, చివరికి పక్క వీధిలో ఉండేవాడి చేతికి వచ్చి అక్కణ్ణుంచి తగులుతుంది. తగిలినప్పుడు అది రాజు వేసిన రాయని ఎవరికీ గుర్తుండదు.

ముందు సామెతకి ఇవ్వాల్సింది ఇచ్చేద్దాం. 1066లో మారనివి చాలా ఉన్నాయి. నాగలి అదే. ఒక్క నాగలికి నాలుగు జతల ఎద్దులు, ఆ లెక్క మారలేదు. బార్లీ, గోధుమ, ఓట్స్ పంటలు అవే. పన్ను కూడా కొత్తది కాదు, 'గెల్డ్' అనే భూమి పన్నుని ఇంగ్లీషు రాజులే ఎప్పటినుంచో వసూలు చేస్తున్నారు. భూమిని 'హైడ్' లెక్కన కొలవడం, మన తాలూకాల్లాంటి 'హండ్రెడ్'లు, జిల్లాల్లాంటి షైర్లు, వాటి కోర్టులు అన్నీ పాతవే. విలియం వీటిలో దేన్నీ పీకెయ్యలేదు. పీకెయ్యడం అతనికి అక్కర్లేదు కూడా, బ్రహ్మాండంగా నడుస్తున్న వసూళ్ళ యంత్రం చేతికి చిక్కింది మరి.

అసలు విలియం దృష్టిలో అది దండయాత్రే కాదు, వారసత్వం. 1066 జనవరి 5న పిల్లల్లేకుండా చనిపోయిన ఎడ్వర్డ్ రాజు తనకే రాజ్యం మాటిచ్చాడని, మధ్యలో హెరాల్డ్ అన్యాయంగా కిరీటం పెట్టుకున్నాడని అతని వాదన. అందుకే ఇరవై ఏళ్ళ తర్వాత, 1086లో, దేశం మొత్తం మీద చేయించిన సర్వే పుస్తకంలో, అంటే డూమ్స్‌డే బుక్‌లో, హెరాల్డ్ పేరు పక్కన రాజు అన్న మాట దాదాపు కనిపించదు. 'ఎర్ల్ హెరాల్డ్' అనే ఉంటుంది, ఎర్ల్ అంటే రాజు కింది పెద్ద దొర. తొమ్మిది నెలల చిల్లర రాజ్యాన్ని రికార్డులోంచి తుడిచేశారు. ప్రతి ఊరి పక్కనా "ఎడ్వర్డ్ రాజు బతికున్న, చనిపోయిన రోజున" అది ఎవరి చేతిలో ఉందో రాస్తారు, ఆ వెంటనే ఇప్పుడెవరి చేతిలో ఉందో. మధ్యలో యుద్ధం ఊసే ఉండదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో లింకు డాక్యుమెంట్లు చూస్తాం చూడండి, అలాగే ప్రతి నార్మన్ దొరకీ వెనకాల ఒక ఇంగ్లీషువాడు 'పూర్వీకుడు'గా ఉండాలి. రక్తసంబంధం ఏమీ లేదు. చచ్చిపోయినవాడో, పారిపోయినవాడో, గెంటేసినవాడో అయినా సరే, కాగితం మీద మాత్రం వీడి పూర్వీకుడు. భూమి లాక్కోవడాన్ని ఇంత శుభ్రంగా వారసత్వంలా రాసిన రికార్డు నేనింకోటి చూడలేదు.

1086 నాటికి రాజు కింద నేరుగా పెద్ద ఎత్తున భూములున్నవాళ్ళలో ఇంగ్లీషువాళ్ళు ఇద్దరే మిగిలారు. వారిక్‌షైర్‌లో ఆర్డెన్ తర్కిల్, లింకన్‌లో కోల్స్‌వెయిన్. మిగతా వాళ్ళంతా సముద్రం అవతలి నుంచి వచ్చినవాళ్ళు. "సరే, దొరలు మారారు, రైతుకేం?" అంటారు. నేనూ అక్కడే ఆగిపోయి ఉండేవాణ్ణి, మార్ష్ గిబ్బన్ గురించి చదవకపోతే.

మార్ష్ గిబ్బన్ బకింగ్‌హామ్‌షైర్‌లో ఒక చిన్న ఊరు. మా ఇంటి నుంచి కారులో ముప్పావు గంట లోపే. డూమ్స్‌డేలో ఆ ఊరి దగ్గర ఐల్రిక్ అనే ఇంగ్లీషువాడి గురించి ఒక వాక్యం ఉంది. ఎడ్వర్డ్ రాజు కాలంలో ఆ భూమి ఐల్రిక్‌దే. ఇప్పుడు కూడా అతనే దాని మీద ఉన్నాడు. కానీ విలియం ఫిట్జ్ ఆన్‌స్కల్ఫ్ అనే నార్మన్ దొర దగ్గర కౌలుకి. అంటే తన చేనునే తాను కౌలుకి చేసుకుంటున్నాడు. ఆ తర్వాత గుమాస్తా రెండు లాటిన్ మాటలు రాశాడు: గ్రావితెర్ ఎత్ మిజరాబిలితెర్. భారంగా, దీనంగా.

ఈ పుస్తకం రాసినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకునే రకం కాదు. వేల ఊళ్ళ వివరాలు పొడిపొడి ముక్కల్లో, సంక్షిప్తాల్లో రాసుకుంటూ పోయారు. నాగళ్ళు ఎన్ని, పచ్చిక ఎంత, మర ఉందా, పందులు ఎన్నింటికి అడవి సరిపోతుంది, విలువ ఎంత. అలాంటి చోట ఆ రెండు మాటలు ఎలా దూరాయి? విచారణలో ఐల్రికే లేచి అన్నాడేమో, రాసేవాడు ఉన్నదున్నట్టు ఎక్కించాడేమో. నేను అలాగే ఊహించుకుంటాను. ఒక ఆదివారం ఆ ఊరికి వెళ్ళొచ్చాను. చూడ్డానికి ఏమీ లేదు. రాతి చర్చి, తడి నేల, గొర్రెలు. పేరులోనే ఉంది, మార్ష్ అంటే చిత్తడి. దారి పక్క గడ్డి నేలల్లో అలలు అలలుగా మిట్టపల్లాలు కనిపిస్తాయి, ఎప్పటివో నాగలి సాళ్ళు గడ్డి కింద అలాగే ఉండిపోయాయి. ఐల్రిక్ ఎద్దులు అక్కడే తిరిగి ఉంటాయని చెప్పలేను. వాన మొదలైతే వచ్చేశాను.

ఊరి పేరులో రెండో ముక్క గిబ్బన్ తర్వాతి కాలంలో ఆ ఊరు పట్టుకున్న ఒక నార్మన్ కుటుంబానిది. ఈ చుట్టుపక్కలంతా ఇదే తంతు. స్టోక్ మాండవిల్, న్యూపోర్ట్ పాగ్నెల్. ముందు ముక్క ఇంగ్లీషు, వెనక ముక్క దొర ఇంటిపేరు. నేనుంటున్న మిల్టన్ కీన్స్‌ని 1967లో కొత్త నగరంగా ప్రకటించినప్పుడు అక్కడున్న ఒక చిన్న ఊరి పేరే తీసుకుని పెట్టారు. మిల్టన్ అంటే 'నడిమి ఊరు'. కీన్స్ అనేది నార్మండీలోని కహాన్య్ నుంచి వచ్చిన దొరల ఇంటిపేరు అరిగి అరిగి అలా అయింది. ఎనిమిదేళ్ళుగా నా అడ్రసులో ఆ దొర పేరు రాసుకుంటున్నానని తెలియనే లేదు.

ఐల్రిక్ ఒక్కడి కథ పట్టుకుని ఊగిపోతున్నానని అనొద్దు. అప్పటి ఇంగ్లీషు సన్యాసులు రాసుకున్న క్రానికల్‌లో, విలియం చనిపోయిన 1087వ సంవత్సరం కింద, రాజు భూముల్ని ఎలా ఇచ్చేవాడో ఉంది. వీలైనంత ఎక్కువ ధరకి ఒకడికి ఇస్తాడు. ఇంకొకడు వచ్చి ఎక్కువ ఇస్తానంటే వాడికి మారుస్తాడు. మూడోవాడు ఇంకా పెంచితే మూడోవాడికి. ఆ సొమ్ముని కిందివాళ్ళు పేదవాళ్ళ దగ్గర ఎంత పాపానికి ఒడిగట్టి రాబడతారో రాజుకి పట్టేది కాదు, అని. మన మాటలో చెప్పాలంటే వేలంపాట. పాటలో గెలిచినవాడు పాడిన దానికంటే ఎక్కువే పిండుకోవాలి కదా, లేకపోతే పాడటం ఎందుకు? ఊరికి వచ్చిన మార్పు ఇదీ. పన్ను పేరు మారలేదు, పన్నుకీ రైతుకీ మధ్య నిలబడ్డవాడు మారాడు. పాతవాడు కూడా పుణ్యాత్ముడు కాకపోవచ్చు. కానీ పాతవాడి తాతని నీ తాతకి తెలుసు. కరువొస్తే ఎవరి గుమ్మం ముందు నిలబడాలో, ఏ మాట అంటే కరుగుతాడో తెలుసు. కొత్తవాడికి నీ భాషే రాదు. అతని ఆఫీసు ఇంకో జిల్లాలో. ఫిట్జ్ ఆన్‌స్కల్ఫ్ కోట ఉన్నది డడ్లీలో, మార్ష్ గిబ్బన్‌కి చాలా దూరం.

మా ఊళ్ళో పెద్దవాళ్ళతో మాట్లాడినప్పుడు నాకొకటి తట్టేది. స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఎలా ఉండేదని అడిగితే, పంతులుగారు చాక్లెట్లు పంచాడని చెప్పేవారు. 1984లో కరణాల్ని, మునసబుల్ని తీసేసిన రోజు గురించి అడిగితే మాత్రం గంట మాట్లాడేవారు. ఎవరి ఇంట్లో రికార్డుల కట్ట ఉండిపోయింది, ఎవరు దాచారు, ఎవరు ఏడ్చారు, ఎవరు టపాకాయలు కాల్చారు. ఢిల్లీలో జెండా మారడం కన్నా ఊళ్ళో కట్ట చేతులు మారడమే వాళ్ళకి పెద్ద సంగతి. కానీ 1947 లేకుండా 1984 ఉండేదా అంటే, అదీ ఆలోచించాల్సిందే.

సరే, సర్వే దగ్గరికి వద్దాం. 1085 క్రిస్మస్‌కి గ్లోస్టర్‌లో దర్బారు పెట్టి విలియం ఈ పని మొదలుపెట్టించాడు. ఈలీ మఠం వాళ్ళ దగ్గర అప్పటి ప్రశ్నల జాబితా మిగిలింది. ఊరి పేరేంటి? ఎడ్వర్డ్ కాలంలో ఎవరిది? ఇప్పుడెవరిది? హైడ్లు ఎన్ని? దొర నాగళ్ళు ఎన్ని, రైతుల నాగళ్ళు ఎన్ని? బానిసలెంతమంది, స్వతంత్రులెంతమంది? అడవి, పచ్చిక, మరలు, చేపల మడుగులు? అప్పుడు విలువెంత, ఇప్పుడెంత? చివర ఒక ప్రశ్న: ఇప్పుడొస్తున్న దానికంటే ఎక్కువ రాబట్టొచ్చా? షైరులో రాజు తరఫు అధికారి అయిన షెరీఫు, దొరలు, చర్చి ప్రీస్టు, ఊరి పెత్తనం చూసే రీవ్, వీళ్ళతో పాటు ప్రతి ఊరి నుంచీ ఆరుగురు రైతులు వచ్చి ప్రమాణం చేసి చెప్పాలి. ఆ ఆరుగుర్ని తలుచుకుంటే నాకు టెన్షన్ వస్తుంది. ఎదురుగా మీ దొర కూర్చుని ఉంటాడు. "ఎక్కువ రాబట్టొచ్చా?" అని అడుగుతారు. ఏం చెప్తాం? ఒక ఎద్దు, ఒక ఆవు, ఒక పంది కూడా లెక్కలోకి రాకుండా పోలేదు, చెప్పడానికే సిగ్గుగా ఉంది, చేయడానికి మాత్రం అతనికి సిగ్గనిపించలేదు అని రాశాడు క్రానికల్ సన్యాసి.

ఆ ఆరుగుర్ని పుస్తకంలో లాటిన్‌లో 'విలానీ' అన్నారు. విలానస్ అంటే 'విల్లా'లో ఉండేవాడు, ఊరివాడు. అంతే, తిట్టేమీ కాదు. డూమ్స్‌డేలో నమోదైన సుమారు 2 లక్షల 69 వేల మందిలో నూటికి నలభై మంది వరకూ వీళ్ళే. కొంచెం భూమి, ఒకటి రెండు ఎద్దులు, ఊరి కోర్టులో ఒక కుర్చీ లాంటిది. వీళ్ళకి పైన 'సోక్‌మెన్' అనేవాళ్ళు ఉండేవారు, తమ భూమిని తాము అమ్ముకోగల రైతులు. కేంబ్రిడ్జ్‌షైర్‌లో 1066లో వీళ్ళు సుమారు 900 మంది. 1086కి 200 చిల్లర. ఇరవై ఏళ్ళలో మిగతా వాళ్ళంతా చచ్చిపోలేదు. కొత్త దొర ఎస్టేటులో కలిపేసి, కింది తరగతి పేరు కింద రాసేశారు. అంటే మనిషి అదే ఇంట్లో, అదే పొలంలో ఉంటాడు, కాలమ్ మారుతుంది. నాన్న ఎనిమిది సెంట్లు గుర్తొచ్చేది ఇక్కడే.

వందేళ్ళు గడిచేసరికి, రెండో హెన్రీ కాలంలో రాజు కోర్టులు బలపడ్డాక, లాయర్లు ఆ 'విలాన్' అన్న మాటకి గట్టి అర్థం బిగించారు. స్వతంత్రుడు కానివాడు. పొలం విషయంలో దొర మీద రాజు కోర్టుకి వెళ్ళలేనివాడు. కూతురి పెళ్ళి చెయ్యాలంటే దొరకి 'మెర్చెట్' కట్టాలి. ఇంటాయన పోతే కొట్టంలో ఉన్నవాటిలో మంచి పశువుని 'హెరియట్' కింద తోలుకుపోతారు. ఏడుపు ఆగకముందే ఎద్దు పోతుంది. మాట అలా దిగజారి దిగజారి, మోటువాడు, నీచుడు, దుర్మార్గుడు అయింది. చివరికి సినిమాలోకి వచ్చింది. మనం రోజూ 'విలన్' అంటున్నది ఆ ఊరివాణ్ణే. రావు గోపాలరావు గారి డైలాగులకి ఈలలు వేసిన నేను ఇన్నాళ్ళూ ఎవర్ని విలన్ అన్నానో!

అయితే ఇక్కడ నా వాదనకే అడ్డొచ్చే సంగతొకటుంది, దాచను. 1086లో పదిమందిలో ఒకడు బానిస. అచ్చంగా బానిసే, అమ్మొచ్చు, కొనొచ్చు. బ్రిస్టల్ రేవు నుంచి ఐర్లండ్‌కి మనుషుల్ని అమ్మేవాళ్ళు. ఊస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టన్, ఆయన ఇంగ్లీషువాడే, అక్కడికి వెళ్ళి వెళ్ళి బోధించి ఆ వ్యాపారాన్ని మాన్పించాడు. విలియం కూడా దేశం బయటికి మనుషుల్ని అమ్మొద్దన్నాడు. 1102లో లండన్‌లో చర్చి పెద్దల సభ, మనుషుల్ని పశువుల్లా అమ్మకూడదని తీర్మానించింది. పన్నెండో శతాబ్దం సగానికి బానిసత్వం దాదాపు పోయింది. కాబట్టి అందరికంటే అడుగునున్న వాడికి కొత్త రాజవంశం కాలంలో ఒక మెట్టు కలిసొచ్చింది. దీనికి కారణం నార్మన్ల మంచితనమా, లేక బానిసని పోషించడం కన్నా వాడికి ఇంత పొలం ఇచ్చి వెట్టి చేయించుకోవడమే చవకనా? రెండోదానికే నా ఓటు. ఎలాగైనా ఆ బానిస మనవడూ, ఆ సోక్‌మన్ మనవడూ చివరికి ఒకే 'విలాన్' కాలమ్‌లో పక్కపక్కన కూర్చున్నారు. ఒకడు ఎక్కి వచ్చాడు, ఒకడు దిగి వచ్చాడు. ఏ రాయైతేనేం అని ఈ ఇద్దర్నీ అడిగితే ఒకే జవాబు రాదు.

ఉత్తరాది సంగతి వేరు. 1069 చలికాలంలో యార్క్‌షైర్ తిరగబడితే విలియం పొలాలు, గాదెలు, పశువులు, పనిముట్లు అన్నీ తగలబెట్టించాడు. యార్క్‌కీ డర్హమ్‌కీ మధ్య జనం ఉన్న ఊరు ఒక్కటీ మిగల్లేదని డర్హమ్ సన్యాసి రాశాడు. లక్ష మంది పోయారన్నాడు ఆర్డెరిక్ అనే నార్మండీ సన్యాసి, సంఖ్య అతిశయోక్తి అయినా ఆయన విలియంని క్షమించలేనన్న మాట మాత్రం అతిశయోక్తి కాదు. పారిపోయి దక్షిణాన ఈవ్‌షమ్ మఠం దాకా నడిచి వచ్చినవాళ్ళకి అక్కడి ఇంగ్లీషు మఠాధిపతి అన్నం పెట్టించాడు. చాలామంది తినే ఓపిక కూడా లేక పోయారట. పదహారేళ్ళ తర్వాత డూమ్స్‌డేలో యార్క్‌షైర్ పేజీల్లో ఊరి తర్వాత ఊరికి ఒకటే మాట: 'వాస్తా'. బీడు. ఆ మాటకి పన్ను రాలేదనే అర్థం కూడా ఉందని, ప్రతిదీ తగలబడ్డ ఊరు కాదని కొందరు చరిత్రకారులంటారు. కావచ్చు. అన్నీ కాకపోతే సగం అనుకోండి.

మిగతా దేశంలో రాయి ఇంత చప్పుడు చెయ్యలేదు. చట్టం రూపంలో వచ్చింది. వాటిలో నాకు అన్నిటికన్నా విచిత్రంగా అనిపించేది 'మర్డ్రమ్'. ఎక్కడైనా శవం కనిపించి, చంపినవాడు దొరక్కపోతే, చచ్చినవాడు నార్మన్ అన్నట్టే లెక్క. ఆ హండ్రెడ్ మొత్తం కలిసి జరిమానా కట్టాలి. పన్నెండో శతాబ్దపు చట్టాల రాతలో అది 46 మార్కులు, మార్కంటే పదమూడు షిల్లింగుల చిల్లర. అప్పట్లో ఎద్దు మూడు షిల్లింగుల దరిదాపు, అంటే రెండొందల ఎద్దుల ధర. నిజంగా వసూలైంది అంతకంటే చాలా తక్కువే ఉండేది, కానీ మెడ మీద కత్తి మాత్రం అంత బరువు. తప్పించుకోవడానికి ఒకటే దారి: చచ్చినవాడు ఇంగ్లీషువాడేనని రుజువు చెయ్యడం. తండ్రి వైపు వాళ్ళు, తల్లి వైపు వాళ్ళు వచ్చి "వీడు మావాడే" అని చెప్పాలి. ఊహించుకోండి, శవం ముందు నిలబడి ఊరంతా "హమ్మయ్య, మనవాడే" అనుకోవాలి. ఒక శతాబ్దం గడిచాక, 1179 ప్రాంతంలో, రాజు ఖజానా చూసే రిచర్డ్ ఫిట్జ్‌నీల్, స్వతంత్రుల్లో ఎవడు ఇంగ్లీషో ఎవడు నార్మనో ఇప్పుడు చెప్పలేం, అంతగా పెళ్ళిళ్ళతో కలిసిపోయారు అని రాశాడు. ఆ పక్కనే, విలాన్లకి మాత్రం ఇది వర్తించదని కూడా రాశాడు. తేడా చెప్పలేమని ఖజానా వాళ్ళే ఒప్పుకున్నా జరిమానా మాత్రం ఆగలేదు. 1340 వరకూ నడిచింది. డబ్బు వచ్చే చట్టాన్ని ఎవడు తీసేస్తాడు?

అడవి సంగతి కూడా ఇంతే. 'ఫారెస్ట్' అంటే చెట్లున్న చోటు అనుకునేరు. రాజు వేట చట్టం నడిచే చోటు అని దాని అర్థం, అందులో ఊళ్ళు, పొలాలు, సంతలు అన్నీ ఉండొచ్చు. ఇంగ్లీషు రాజులూ వేటాడేవారు, కానీ విడిగా ఒక చట్టం, విడిగా కోర్టులు పెట్టి దేశంలో పెద్ద భాగాన్ని దాని కిందికి తెచ్చింది నార్మన్లే. జింకల్ని కన్నతండ్రిలా ప్రేమించాడు అని క్రానికల్ విలియంని ఎత్తిపొడిచింది. లేడిని చంపినవాడికి కళ్ళు పీకేసే శిక్ష. కుక్కల సంగతి చెప్తే నమ్మరు. అడవి పరిధిలో ఉన్న ఊళ్ళో పెద్ద కుక్క ఉంటే, అది జింక వెంట పడకుండా ముందు కాలికి మూడు గోళ్ళు నరికెయ్యాలి. 1217 నాటి అడవి చార్టర్‌లో ఇది సంస్కరణగా రాసి ఉంది: మూడేళ్ళకోసారి తనిఖీ, నరకని కుక్కకి మూడు షిల్లింగుల జరిమానా, అరికాలి మెత్త జోలికి పోకూడదు, జరిమానా కింద ఎద్దుని తోలుకుపోకూడదు. సంస్కరణే ఇది అంటే, అంతకుముందు ఏం జరిగేదో ఆ నిషేధాల్లోనే ఉంది. ఎద్దుల్ని తోలుకుపోయేవారన్నమాట.

పేర్ల గురించి ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటాను. విట్బీలో పన్నెండో శతాబ్దం మొదట్లో ఒక పిల్లాడికి అమ్మానాన్నలు టోస్టి అని పేరు పెట్టారు. తోటి పిల్లలు ఏడిపిస్తున్నారని విలియం అని మార్చుకున్నాడు. తర్వాత సన్యాసి అయ్యి ఫార్న్ దీవిలో ఉండి బార్తొలొమ్యూ అయ్యాడు. మా అమ్మాయి తన పేరుని కాఫీ షాపు కోసం రెండక్షరాలకి కుదించుకున్నప్పుడు నాకు ఆ విట్బీ పిల్లాడు గుర్తొచ్చాడు. వాడు తన ప్రాంతాన్ని తగలబెట్టించిన రాజు పేరే పెట్టుకున్నాడు.

ఇది రాస్తున్నానని తెలిసి ఒక స్నేహితుడు అడ్డం పడ్డాడు. "ఇది దండయాత్ర, వంశం మార్పు కాదు. అసలైన వంశం మార్పు చూడాలంటే 1485 తీసుకో, ట్యూడర్ వంశం వాళ్ళు వచ్చినప్పుడు రైతుకి ఏం తెలిసింది?" అని. న్యాయమైన ప్రశ్నే. ట్యూడర్లకి గద్దె తెచ్చిపెట్టిన బాస్‌వర్త్ యుద్ధం మర్నాడు కోతలు కోతలే. కానీ ఏభై ఏళ్ళు ఆగి చూడమంటాను. తనకి మగబిడ్డ, వంశానికి వారసుడు కావాలన్న ఎనిమిదో హెన్రీ ఆరాటం ఎక్కడెక్కడికో పోయి 1536-40 మధ్య మఠాలన్నిటినీ మూయించింది. ఊళ్ళకి ఊళ్ళే యజమానులు మారిపోయాయి. 1714లో జర్మనీ నుంచి హానోవర్ వంశం వాళ్ళు వచ్చారు. తొమ్మిదేళ్ళకి 1723లో, కొత్త గద్దె కింద భయపడుతున్న మంత్రులు 'బ్లాక్ యాక్ట్' తెచ్చారు, మొహానికి మసి పూసుకుని జింకల వేటకి పోయిన పల్లెటూరివాడికి ఉరి. మళ్ళీ జింకలే చూడండి. ఏ వంశమూ వచ్చిన రోజున ఊరికి రాదు. ఆ ఆలస్యాన్నే మనం 'ఏం మారలేదు' అని రాసుకుంటున్నాం, టీచర్ టిక్కు పెడుతోంది.

ఊళ్ళవాళ్ళు మాత్రం మర్చిపోలేదు. 1377లో, హేస్టింగ్స్ జరిగి మూడొందల ఏళ్ళు దాటాక, పదేళ్ళ పిల్లాడు రెండో రిచర్డ్ గద్దెనెక్కిన ఏడాది, దక్షిణ ఇంగ్లండ్‌లో కనీసం నలభై ఊళ్ళ విలాన్లు ఒక పని చేశారు. చందాలు వేసుకుని, లాయర్లని పెట్టుకుని, డూమ్స్‌డే బుక్‌లో తమ ఊరి ఎంట్రీకి రాజముద్ర వేసిన నకలు తీయించుకున్నారు. తమ ఊరు 1066లో నేరుగా రాజుగారి భూమి అని అందులో ఉంటే, దొర పాత ఆనవాయితీకి మించి వెట్టి అడక్కూడదని వాళ్ళ వాదన. ఆ నకళ్ళు చేత్తో పట్టుకుని పనికి రామని కూర్చున్నారు. తమ ముత్తాతల ఎద్దుల్నీ పందుల్నీ లెక్కపెట్టి, ఎక్కువ రాబట్టొచ్చా అని అడిగిన పుస్తకం అదే. ఆ పుస్తకాన్నే సాక్ష్యానికి పిలిచారు. దొరలు హడలిపోయి పార్లమెంటులో మొరపెట్టుకున్నారు. ఆ నకళ్ళు ఊరి భూమి గురించే గానీ మనుషుల స్వేచ్ఛ గురించి చెల్లవని చట్టం చేసేశారు. నాలుగేళ్ళకి, 1381లో, దేశం అంటుకుంది. ఆ తిరుగుబాటులో ఊరూరా మేనర్ కోర్టు, అంటే దొర ఎస్టేటు కోర్టు, రికార్డుల్ని బయటికి లాగి తగలబెట్టారు.

ఈ వ్యాసం సగంలో ఉండగా నాన్న దగ్గర్నుంచి వాట్సాప్ వచ్చింది. ఫోటో అడ్డంగా తీశాడు, ఎప్పటిలాగే బొటనవేలు ఒక మూల. తిప్పి, పెద్దది చేసి చూశాను. పాత అడంగల్ నకలు. అంచులు చిరిగిన కాగితం మీద మా సర్వే నంబరు, తాత పేరు, ఎదురుగా కరణంగారి వంకర రాతలో 1-70. అర్జీ పెట్టనన్న మనిషి ఎండలో మండలం దాకా పోయి తీయించుకొచ్చాడు. కింద ఒక లైను టైపు చేశాడు.

"ఇది పనికొస్తుందంటావా?"